కోరంగి మడలో సెలవుల పని



కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో చొల్లంగి దాటాక ఎడమచేతి వైపు సముద్రం ఉందని తెలుసు గాని కనపడదు. మధ్యలో మడ అడవి అడ్డం ఉంటుంది. బస్సు కిటికీలోంచి చూస్తే పొట్టిగా, బురదలో కూరుకుపోయిన తుప్పల్లాగే ఉంటుంది కాబట్టి దాన్ని అడవి అనడానికి కూడా చాలామందికి మనసొప్పదు. పడవెక్కి లోపలి కాలువల్లోకి వెళ్ళినవాళ్ళకు తెలుస్తుంది దాని సంగతి. గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే ఈ మొగల దగ్గర మడ, పొన్న, తిల్ల, కలింగ చెట్లు నీళ్ళలోనే పుట్టి నీళ్ళలోనే పెరుగుతాయి. 1978లో దీన్ని కోరంగి అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. మండపీత, పండుగప్ప, రొయ్య ఇక్కడి వేళ్ళ సందుల్లోనే పిల్ల దశ గడుపుతాయి. బావురుపిల్లి రాత్రిళ్ళు ఈ కాలువ గట్ల మీదే చేపలు పట్టుకు తింటుంది.

ఈ అడవిలో మొక్కలు నాటుతామంటూ వచ్చే విద్యార్థుల గురించి ఈవేళ మీతో మాట్లాడదామని వచ్చాను. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ణి, జాతీయ సేవా పథకం శిబిరాలకు పిల్లల్ని వెంటబెట్టుకు తిరిగినవాణ్ణి. ఆ పథకం 1969లో గాంధీగారి శతజయంతి ఏడాది మొదలైంది. మన కాలేజీల్లో చదివినవాళ్ళలో ఎంతోమంది చేతికి మొదటిసారి పార తగిలింది ఆ శిబిరాల్లోనే. ఇప్పుడు వాళ్ళకు తోడు ఇంకో రకం విద్యార్థులు బయల్దేరారు. విదేశాల విశ్వవిద్యాలయాల్లో ఒక పద్ధతి ఉంది. డిగ్రీ చదువులో ఒక సెమిస్టరు మరో దేశానికి వెళ్ళి, అక్కడ చదువుతూ, ఊళ్ళు తిరుగుతూ, ఏదో ఒక సేవలో పాల్గొని రావచ్చు. ఆ సేవల్లో చెట్లు నాటడం ముందు వరసలో ఉంటుంది. అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ పుట్టి పెరిగిన మన గోదావరి జిల్లాల పిల్లలు కూడా అలా వెళ్తున్నారు. వెళ్ళొచ్చాక కొందరికి, ఎక్కడో నాటాం కదా, అమ్మమ్మగారి ఊళ్ళో ఎందుకు నాటకూడదు అనిపిస్తుంది. ఎంత మంచి ఆలోచన! ఆ ఆలోచన వచ్చిన పిల్లను ఎవరూ నిరుత్సాహపరచకూడదు.

మా చెల్లెలి మనవరాలు అలాంటి పిల్లే. ఒక సెమిస్టరు ఆగ్నేయాసియాలో గడిపింది. అక్కడి సముద్రతీరంలో తన జట్టుతో కలిసి మడజాతి మొక్కలు నాటిందట. ఫోను చేసి, "తాతయ్యా, మన కోరంగిలో కూడా నాటొచ్చా?" అని అడిగింది. ఎప్పుడొస్తావమ్మా అన్నాను. "మే నెలలో సెలవులిస్తారు, రెండు వారాలు ఉంటాను" అంది. "మే నెలలో నాటే పని ఉండదే తల్లీ, కాలువలో పూడిక తీసే పని ఉంటుంది" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "కాలువ ఎందుకు తాతయ్యా?" అంది.

ఆ ప్రశ్న అడిగినందుకు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఈ విషయమంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

మడ చెట్టుకు ఉప్పునీళ్ళంటే ఇష్టమని అనుకుంటాం. నిజానికి అది ఉప్పును ఓర్చుకుంటుంది, అంతే. ఆ ఓర్పుకూ ఒక హద్దుంది. రోజూ పోటు వచ్చి నీళ్ళు తెస్తుంది, పాటుకు ఆ నీళ్ళు తీస్తాయి. గోదావరి వరద దిగినప్పుడు మంచినీళ్ళు కలిసి ఉప్పు పలచబడుతుంది. ఈ రాకపోకలు సాగినంత కాలం మడకు ఢోకా లేదు. ఒకప్పుడు ఈ అడవిని వంట చెరకు కోసం, కలప కోసం కూపులు వేసి వరసగా నరికారు. నరికిన చోట నీడ పోయింది. ఎండ నేరుగా బురద మీద పడింది. నేల ఎండి, కుంగి, పల్లమైంది. పెద్ద పోటుకు ఆ పల్లంలోకి నీళ్ళొచ్చాయి గాని తిరిగి పోవడానికి దారి లేక నిలబడిపోయాయి. నిలిచిన నీళ్ళు ఎండకు ఆవిరైపోయి ఉప్పు మిగిలింది. అలా ఏళ్ళ తరబడి సాగేసరికి ఆ నేల పర్ర అయిపోయింది. అక్కడ విత్తనం పడ్డా మొలవదు, మొక్క నాటినా నిలవదు. తర్వాత రొయ్యల చెరువులు వచ్చి కొంత అడవిని మింగాయి. ఆ కథ మీ అందరికీ తెలిసిందే.

1990లలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ వాళ్ళు భారత–కెనడా పర్యావరణ నిధి సాయంతో, అటవీశాఖతో కలిసి, ఇక్కడి గ్రామాలవాళ్ళతో కూర్చుని ఈ పర్ర సంగతి చూశారు. తమిళనాడులో పిచ్చవరంలోనూ, ఒడిశాలోనూ అదే సంస్థ అదే పని చేసింది. వాళ్ళు పట్టుకున్న కీలకం నీళ్ళ దారి. పక్కనున్న సహజమైన కాలువ నుంచి పర్రలోకి ఒక పెద్ద కాలువ తవ్వారు. దానికి అటూ ఇటూ ఏటవాలుగా పిల్లకాలువలు తీశారు. పైనుంచి చూస్తే అచ్చం చేపముల్లే. పోటుకు నీళ్ళు లోపలికి వచ్చి, పాటుకు ఉప్పును వెంటబెట్టుకుని పోతాయి. కొన్నాళ్ళకు నేలలో ఉప్పు దిగుతుంది. అప్పుడు పిల్లకాలువల ఒడ్డువాలులో మొక్కలు నాటితే నిలుస్తాయి. మట్లపాలెంలాంటి ఊళ్ళలో సమితులు పెట్టుకుని జనం ఈ పని భుజాన వేసుకున్నారు. ఫ్లోరిడాలో రాబిన్ లూయిస్ అనే శాస్త్రవేత్త కూడా ఇదే చెబుతూ వచ్చాడు. ముందు నీళ్ళ రాకపోకలు సరిచెయ్యండి, చుట్టుపక్కల తల్లిచెట్లుంటే విత్తనం దానంతట అదే కొట్టుకొచ్చి మొలుస్తుంది, చాలాచోట్ల మనం నాటక్కర్లేదు అని ఆయన వాదన.

కాలువన్నాక పూడుతుంది. పోటు తెచ్చే ఒండ్రు పిల్లకాలువ మూతి దగ్గరే ముందు పేరుకుంటుంది. ఆ మూతి మూసుకుందంటే లోపల మళ్ళీ పర్ర మొదలు. అందుకే ఎండాకాలంలో పూడిక తియ్యాలి. వానాకాలంలో పక్వానికొచ్చిన విత్తనం ఏరుకోవాలి. ఉప్పు తక్కువగా ఉండే నెలల్లో నాటాలి. ఆ తర్వాత పశువులు మేసెయ్యకుండా కాపు కాయాలి. మడాకు అంటే గేదెలకు మహా ఇష్టం. కొన్నిచోట్ల లేతకాండానికి గుల్లలు పట్టి మొక్క ఒరిగిపోతుంది, వాటిని చూసుకోవాలి. చచ్చిన మొక్క స్థానంలో ఇంకొకటి పెట్టాలి. ఏడాది పొడుగునా సాగే ఈ పనుల్లో నాటడం అనేది కొద్ది రోజుల ముచ్చట. ఫొటోకు బాగా వచ్చేది మాత్రం అదొక్కటే. అందుకని నాటడానికి వచ్చేవాళ్ళు వందల్లో ఉంటారు, పూడిక తియ్యడానికి మనిషి దొరకడు.

శ్రీలంకలో ఏం జరిగిందో చెప్తాను వినండి. 2004 సునామీ తర్వాత ప్రపంచమంతా సాయానికి కదిలింది. డబ్బొచ్చింది, మనుషులొచ్చారు, తీరం పొడుగునా వెయ్యి హెక్టార్లకు పైగా మడజాతి మొక్కలు నాటారు. తర్వాత పరిశోధకులు వెళ్ళి 23 చోట్ల చూస్తే, వాటిలో తొమ్మిది చోట్ల ఒక్క మొక్క కూడా బతికి లేదు. మొత్తం మీద నిలిచింది అయిదో వంతు. వాళ్ళు 2017లో అచ్చువేసిన వ్యాసంలో ఈ లెక్కలున్నాయి. ఫిలిప్పీన్సులో అంతకుముందే 2008లో యుర్గెన్ ప్రిమవేరా అనే శాస్త్రవేత్త ఇదే గోడు వెళ్ళబోసుకుంది. అక్కడ దశాబ్దాలుగా కోట్లు పోసి నాటిన మొక్కల్లో చాలాకాలం తర్వాత మిగిలినవి నూటికి పదో ఇరవయ్యో.

ఎందుకలా జరిగింది? నాటినవాళ్ళ మనసు మంచిదే. పొన్నజాతి విత్తనం చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, మునక్కాయలా పొడుగ్గా వేలాడుతుంది. దాన్ని తెచ్చి మెత్తటి బురదలో గుచ్చితే చాలు, నాటడం అయిపోయినట్టే. చదువుకునే పిల్లలైనా, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళైనా ఒక పూటలో కొన్ని వందలు గుచ్చేస్తారు. అయితే మడ నిజంగా పెరిగే ఎగువ నేలలు చెరువులవాళ్ళ చేతుల్లో ఉన్నాయి. ఎవరికీ అక్కర్లేని నేలంటే సముద్రానికి ఎదురుగా ఉన్న బురద మేట. అక్కడే గుచ్చారు. ఆ మేటల మీద అంతకుముందు ఎన్నడూ మడ లేదు. ఎందుకు లేదో అక్కడి బెస్తవాళ్ళను అడిగితే చెప్పేవాళ్ళు. అక్కడ నీళ్ళు తియ్యవు, రోజులో ఎక్కువసేపు మునిగే ఉంటుంది, వేళ్ళకు ఊపిరాడదు. మడకు బురదలోంచి పైకి పొడుచుకొచ్చే వేళ్ళు ఊపిరి పీల్చుకోవడానికే కదా.

ఈ సంగతులు చదివినప్పుడు, మన ఊళ్ళో నాటే పనికి వచ్చే ఏ విద్యార్థికైనా మొట్టమొదట చెప్పవలసింది నాకు స్పష్టంగా తెలిసింది. బాబూ, మీ సెలవులను బట్టి పని అడక్కండి. మీరొచ్చే నెలలో ఇక్కడ ఏ పని జరుగుతుందో కనుక్కుని ఆ పని చెయ్యండి. మే నెలలో వస్తే పార పట్టుకోండి. వానాకాలంలో వస్తే విత్తనం ఏరండి, సంచుల్లో మట్టి నింపండి. డిసెంబరులో క్రిస్మస్ సెలవులకు వస్తే, ఆ ఏడాది నాటినవీ ముందటేడు నాటినవీ ఎన్ని బతికాయో లెక్కపెట్టండి. లెక్కపెట్టడం చిన్న పనేం కాదు. ఏ కాలువ మీద ఎన్ని నిలిచాయి, ఎక్కడ ఎన్ని పోయాయి, ఎందుకు పోయాయి అని వరసవారీగా రాసిపెడితే మరుసటి ఏడాది పనివాళ్ళకు అదే దారి చూపుతుంది. చదువుకునే పిల్లలు అందరికన్నా బాగా చెయ్యగలిగింది కూడా అదే.

మా మనవరాలు మే నెలలోనే వచ్చింది. తీరపు ఊరి సమితివాళ్ళతో, అటవీశాఖ అనుమతితో లోపలికి వెళ్ళింది. వెంట నేనూ ఉన్నాను. పాటు సమయం చూసుకుని తెల్లవారుజామునే పడవ దిగాలి. మళ్ళీ పోటు ఎక్కేలోపు పని తెమలాలి. అక్కడ గడియారం కన్నా తిథి ముఖ్యం. అమావాస్యకూ పౌర్ణమికీ నీళ్ళెలా వస్తాయో, అష్టమికి ఎలా ఉంటాయో పడవ నడిపేవాళ్ళకు కంఠతా వచ్చు. పిల్లకాలువ మూతి దగ్గర ఒక పెద్దామె నడుం లోతు బురదలో నిలబడి, రెండు చేతులా ఒండ్రు తీసి గట్టు మీద వేస్తోంది. మా పిల్ల పారతో మొదలుపెట్టింది. పార బురదలో దిగుతుంది, పైకి రాదు. ఆ పెద్దామె నవ్వి, "పాపా, పార ఏటవాలుగా పెట్టు, కింద గాలి దూరితేనే ఊడొస్తాది" అంది. అలా పెట్టేసరికి ఒండ్రు ముద్దగా ఊడొచ్చింది. కాసేపటికి మూతి తెరుచుకుంది. లోపల నిలిచిపోయిన నీళ్ళు చిన్న చప్పుడుతో కదిలి కాలువలోకి జారడం మొదలుపెట్టాయి. ఆ నీళ్ళు వేలు ముంచి నాలిక్కి రాసుకోమంది ఆ పెద్దామె. మా పిల్ల రాసుకుని మొహం చిట్లించింది. సముద్రపు నీళ్ళకన్నా ఎక్కువ ఉప్పు. నేను పుస్తకంలోంచి పాఠంగా చెప్పిన లవణీయత అంతా ఆ ఒక్క చుక్కలో తెలిసింది ఆ పిల్లకు.

ఇక్కడ ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఆ పెద్దామె కూలికి వచ్చింది. పూడిక తియ్యడం, నాటడం, కాపు కాయడం తీరప్రాంతపు ఇళ్ళలో పొయ్యి వెలిగించే పనులు. వేటకు విరామం ఇచ్చే నెలల్లో ఆ కూలి మరీ ముఖ్యం. సేవ చేస్తామంటూ వచ్చిన పాతికమంది పిల్లలు ఉచితంగా ఆ పని చేసేసి పోతే, ఆ రోజు కూలి ఎవరికి పోయినట్టు? సేవకులు వచ్చిన రోజున కూడా ఊరివాళ్ళ కూలి ఊరివాళ్ళకు అందాలి. విద్యార్థులు వాళ్ళ పక్కన నిలబడి, వాళ్ళు చెప్పినట్టు చెయ్యాలి. విదేశాల్లో సేవాయాత్రల కోసం ఒక్కో విద్యార్థి దగ్గర పెద్ద రుసుములు తీసుకునే కంపెనీలున్నాయి. ఆ రుసుములో కొంతైనా ఆ ఊరి మనుషుల చేతుల్లో పడుతోందా అని అడగడం ఆ విద్యార్థి హక్కు. వాళ్ళ తల్లిదండ్రుల హక్కు కూడా.

చదువుకని పరదేశం వెళ్ళి, తిరిగొచ్చి, సొంత ఊళ్ళలో చెట్ల పని మొదలుపెట్టినవాళ్ళలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చే మనిషి కెన్యా దేశపు వంగారి మాతాయ్. 1960లో ఆమె విద్యార్థి వేతనం మీద అమెరికా వెళ్ళి కాన్సాస్‌లో జీవశాస్త్రం చదువుకుంది. తిరిగొచ్చి 1977లో హరితవలయ ఉద్యమం ప్రారంభించింది. పల్లెల్లో ఆడవాళ్ళచేత నారుమళ్ళు పెంచించి, మొక్కలు నాటించింది. డబ్బు ఎలా ఇచ్చేవారో చూడండి. నాటిన మొక్కకు ఇవ్వలేదు. కొన్నాళ్ళకు చూసి, బతికిన మొక్కకు ఇచ్చారు. ఇచ్చింది కొద్ది మొత్తమే అయినా ఆ లెక్క ఎంత సూక్ష్మమైనదో! 2004లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. మన దగ్గర ఏటా జూలైలో వనమహోత్సవాలు చేస్తాం. కె.ఎం. మున్షీగారు 1950లో మొదలుపెట్టిన పండగ అది. ఒకే గుంతలో ఏటేటా కొత్త మొక్క పెట్టడం మనం చూడనిది కాదు. ఆ గుంతకు కూడా మాతాయ్‌గారి లెక్క వర్తించాలని నా కోరిక.

కోరంగికీ పరదేశానికీ బంధుత్వం ఈనాటిది కాదు. ఇది ఒకనాటి పెద్ద రేవు. ఓడలు కట్టిన ఊరు. ఇక్కడి నుంచి మన జనం బర్మా వెళ్ళి రంగూన్ రేవులో మూటలు మోశారు, మిల్లుల్లో పనిచేశారు. అక్కడ తెలుగువాళ్ళకు కోరంగీలని పేరే పడిపోయింది. ఆ రేవు ఏమైందంటే, 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి తుపాను ఉప్పెన ఊరిని ముంచెత్తింది. ఒండ్రు పేరుకుని రేవూ పూడిపోయింది. మా తరానికి గుర్తున్న తుపాను 1996 నవంబరు 6 రాత్రిది. భైరవపాలెం, బలుసుతిప్ప ఊళ్ళలో వేటకు వెళ్ళినవాళ్ళు ఎంతమంది తిరిగి రాలేదో ఆ ఇళ్ళవాళ్ళను అడగాలి. మడ దట్టంగా ఉన్న చోట వెనకనున్న ఊళ్ళు కాస్త నయంగా బయటపడ్డాయని ఇక్కడివాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఒడిశాలో 1999 పెనుతుపాను మీద సౌదామిని దాస్, జెఫ్రీ విన్సెంట్ చేసిన పరిశోధనలో కూడా అదే తేలింది. మడ అడవి వెడల్పుగా ఉన్న చోట వెనక ఊళ్ళలో చావులు తక్కువ. అందుకే ఈ అడవిలో ఒక కాలువ మూతి తెరిచి ఉందా మూసుకుపోయిందా అన్నది కోనసీమ నుంచి కాకినాడ దాకా తీరాన బతికే ప్రతి ఇంటికీ సంబంధించిన విషయం.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. దేశదేశాల నుంచి మనవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకు వస్తారు. రాజమండ్రిలో స్నానాలయ్యాక నాలుగు రోజులు అమ్మమ్మ ఊళ్ళో ఉంటారు. ఆ నాలుగు రోజుల్లో పిల్లలచేత ఓ మొక్క నాటించాలని ఎంతోమందికి ఉంటుంది. ఊళ్ళో పెరట్లోనో, బడి ఆవరణలోనో, కాలువ గట్టునో అయితే కడియం నర్సరీలకు వెళ్ళి వేపో కానుగో తెచ్చుకోండి. వేసవిలో నీళ్ళు పోసే మనిషిని ముందే మాట్లాడుకుని, అప్పుడు నాటండి. కోరంగి సంగతి వేరు. అది అభయారణ్యం. అటవీశాఖ అనుమతి లేనిదే లోపలికి వెళ్ళి ఏదీ నాటకూడదు, ఏదీ పీకకూడదు. కాబట్టి బయల్దేరే ముందే ఉత్తరం రాయండి. మేం ఫలానా నెలలో వస్తున్నాం, ఇంతమందిమి, అప్పుడు మీ దగ్గర ఏ పని ఉంటుందో చెప్పండి అని అడగండి. బురదలో నడవడానికి పాత కాన్వాసు బూట్లు తెచ్చుకోండి, ఉత్తికాళ్ళతో దిగితే గుల్లలు కోస్తాయి. తిల్ల చెట్టు పాలు కంట్లో పడనివ్వకండి, చాలా ప్రమాదం. తిరిగి వెళ్ళేటప్పుడు, మీరు పనిచేసిన కాలువ పేరు, చోటు ఒక కాగితం మీద రాసి సమితివాళ్ళ దగ్గర ఒకటి, మీ దగ్గర ఒకటి ఉంచుకోండి. మరుసటి ఏడాది మీ బంధువుల్లో ఎవరు వచ్చినా ఆ కాగితం పట్టుకుని అదే కాలువ దగ్గరికి వెళ్ళి చూసి రావచ్చు.

మా మనవరాలి కాగితం నా దగ్గరుంది. ఈ డిసెంబరులో దాని తమ్ముడు వస్తున్నాడు, లెక్కపెట్టే పని వాడిది.